‘సాంపో’ అంటే ఏమిటి? ఒక ఫిన్నిష్ పురాణచిత్రం, డబ్బింగు, ప్రేక్షక ప్రతిస్పందన

ఫిన్లండ్ జాతీయ ఇతిహాసం ‘కాలేవాలా’ ఆధారంగా 1959లో వెలువడిన ‘సాంపో’ చిత్రానికి ప్రపంచంలో రెండు రకాల ప్రేక్షకులు ఏర్పడ్డారు. దానిని దృశ్యకావ్యంగా చూసినవారు ఒకరు, నవ్వుకోవడానికి చూసినవారు మరొకరు. ఈ భేదానికి అభిరుచి ఒక్కటే కారణమని సరిపెట్టుకోవడం తేలిక. నిజానికి ఆ రెండు వర్గాలవారూ చూసినది ఒకే చిత్రం కాదు.

మోస్‌ఫిల్మ్, సువోమి ఫిల్మి సంస్థలు ఉమ్మడిగా నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు అలెగ్జాండర్ ప్తుష్కో. కీలుబొమ్మల చిత్రాలతో ప్రస్థానం ప్రారంభించి, సోవియట్ జానపద చిత్రాలకు ఒక రూపాన్ని కల్పించినవాడాయన. ఆయన ‘సద్కో’ (1952) వెనిస్ చలనచిత్రోత్సవంలో వెండి సింహం పొందింది. రెండు దేశాలు ఒక ఇతిహాసం కోసం చేతులు కలపడం వెనుక చరిత్ర ఉంది. ఎలియాస్ లోన్‌రోట్ సేకరించి కూర్చిన కాలేవాలా తొలి ముద్రణ 1835లో వచ్చింది. 50 గేయాలు, 22,795 పాదాలు గల విస్తృత ముద్రణ 1849లో వెలువడింది. అందులోని గేయాలలో అధికభాగం లభించిన తెల్లసముద్రపు కరేలియా ప్రాంతం రష్యా పరిధిలోనిది. అందువల్ల ఫిన్లండ్‌కు జాతి ఆత్మగా కనిపించిన గ్రంథాన్ని సోవియట్ కరేలియా కూడా తన ప్రజల సృష్టిగానే భావించింది. 1939 నుండి 1944 వరకు రెండుసార్లు యుద్ధం చేసిన ఈ ఇరుగుపొరుగు దేశాలకు ఆ గ్రంథం ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి తగవు కూడా.

చిత్రకథ మూలాన్ని యథాతథంగా అనుసరించదు. ఉత్తరదేశమైన పోహ్యోలా ఏలిక, మంత్రగత్తె లౌహి, కమ్మరి ఇల్మరినెన్ చెల్లెలు అన్నిక్కిని అపహరిస్తుంది. ఆమెను విడిపించడానికి అతడు సాంపోను చేసి ఇవ్వాలి. ఇతిహాసంలోనైతే ఇల్మరినెన్ సాంపోను చేసేది లౌహి కుమార్తె చేయి ఆశించి. పాముల పొలాన్ని దున్నేదీ అతడే. చిత్రంలో ఆ సాహసం అన్నిక్కి ప్రియుడైన లెమ్మిన్‌కైనెన్‌కు దక్కింది. లౌహి సూర్యుణ్ణి దొంగిలించి కొండలో దాచినపుడు ఊరివారంతా కాంతెలె వాద్యాలు తయారుచేసి, ఆ నాదంతోనే శత్రువును ఎదిరిస్తారు. మూలంలో వాద్యకారుడు ప్రధానంగా వృద్ధ గాయకుడు వైనమోయినెన్ ఒక్కడే. ఒకరి గానాన్ని అందరి గానంగా మార్చడంలో సోవియట్ భావజాలం కనిపిస్తుందనడం సమంజసమే. అయితే ఆ దృశ్యపు బలాన్ని భావజాలం ఒక్కటే వివరించలేదు.

ఫిన్నిష్ ప్రేక్షకుడు థియేటరుకు వట్టి చేతులతో వెళ్లలేదు. ఆక్సెలి గాలెన్-కల్లెలా చిత్రించిన ‘సాంపో రక్షణ’ (1896), ‘లెమ్మిన్‌కైనెన్ తల్లి’ (1897) అతని కళ్లలో ముందే ఉన్నాయి. కుమారుణ్ణి వెదుకుతూ తల్లి చెట్టునూ దారినీ సూర్యుణ్ణీ ప్రశ్నించే ఘట్టం అతనికి బడినాటి పాఠం. తెర మీది ప్రతి మార్పునూ అతడు మూలంతో పోల్చి చూడగలడు, నొచ్చుకోగలడు కూడా.

అమెరికా ప్రేక్షకునికి అందినది వేరు. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థ 1964లో దీనిని ‘ద డే ది ఎర్త్ ఫ్రోజ్’ పేరుతో, ఆంగ్ల వ్యాఖ్యానం జోడించి విడుదల చేసింది. సుమారు 91 నిమిషాల చిత్రం 67 నిమిషాలకు కుదిరింది. ఆ పేరు 1951 నాటి వైజ్ఞానిక కల్పనాచిత్రం ‘ద డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ను గుర్తుచేస్తుంది. ఇతిహాసాన్ని ఆశించి వచ్చినవారి కోసం పెట్టిన పేరు మాత్రం కాదది. ప్తుష్కో పేరు ‘గ్రెగ్ సెబీలియస్’ అయింది. ఎస్టోనియా నటి ఈవె కివి ‘నీనా ఆండర్సన్’గా, లాత్వియా నటుడు ఆండ్రిస్ ఓషిన్ ‘జాన్ పవర్స్’గా మారారు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ చిత్రాన్ని అమ్ముకోవడానికి వర్తకులు వేసిన ముసుగు ఇది. ‘సద్కో’ సైతం 1962లో సింద్‌బాద్ కథగా వేషం మార్చుకొని అక్కడ విడుదలైంది.

ఈ రూపమే 1993 జనవరిలో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అనే టెలివిజన్ హాస్య కార్యక్రమానికి చేరింది. పాత చిత్రాలను ప్రదర్శిస్తూ, వాటి మీద చెణుకులు విసరడం ఆ కార్యక్రమ పద్ధతి. చిత్రం నిడివి చాలనందున ముందు ఒక సర్కస్ లఘుచిత్రాన్ని చేర్చారు. కోతకోసిన ఇతిహాసానికి సర్కస్ అతుకు పడటం ఆనాటి విపణి చేసిన వ్యాఖ్యలా ఉంటుంది. అక్కడ పదేపదే నవ్వు పుట్టించిన అంశం సాంపోయే. ఇంతమంది దేనికోసం కొట్టుకుంటున్నారు? అసలు సాంపో అంటే ఏమిటి?

ఆ ప్రశ్నను అజ్ఞానంగా కొట్టివేయడానికి వీలులేదు. కాలేవాలాలో సాంపో ఒక వైపు పిండిని, ఒక వైపు ఉప్పును, మరొక వైపు ధనాన్ని విసిరే తిరగలి. దానికి చిత్రవర్ణాల మూత ఉంటుంది. ఈ వర్ణన ఉన్నప్పటికీ పండితులకు అది తేలని చిక్కుముడి. ఇ. ఎన్. సెటాలా 1932లో వెలువరించిన గ్రంథానికి పెట్టుకున్న పేరే ‘సాంపో చిక్కుముడి’. ఆకాశాన్ని మోసే జగత్‌స్తంభానికి ప్రతీకగా దానిని భావించినవారు ఉన్నారు. ఉనో హర్వా 1943లో సాంపో అపహరణ మీదనే ఒక గ్రంథం రచించాడు. హాస్యగాళ్లు నవ్వుతూ అడిగినది, భాషాశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా గంభీరంగా అడుగుతూ వచ్చినది ఒకే ప్రశ్న. తేడా నేపథ్యజ్ఞానంలో ఉంది. అక్షయపాత్ర తెలిసిన తెలుగు ప్రేక్షకుడు ‘పాతాళభైరవి’ (1951)లో కోరినదల్లా ఇచ్చే ప్రతిమను చూసి అది ఏమిటని అడగలేదు. అటువంటి వస్తువుకు అతని కథాలోకంలో ముందే చోటుంది. ఆ చోటు లేనివారికి పెదవులతో కలవని సంభాషణలు, కత్తిరించిన కథాసంధులు మాత్రమే మిగిలాయి. డబ్బింగు మాటను మార్చగలదు గాని, ఆ మాటకు వెనుక నిలిచే స్మృతిని అందించలేదు.

నవ్వినవారందరూ చిత్రాన్ని తృణీకరించారనుకోవడం కూడా పొరపాటే. ఆ హాస్య కార్యక్రమ రచయితలలో ఒకరైన కెవిన్ మర్ఫీ ప్తుష్కో చిత్రాల దృశ్యశోభ పట్ల తన ఆరాధనను తరువాత బహిరంగంగానే వెల్లడించాడు. మసకబారిన డబ్బింగు ప్రతిలోనూ మంచుగాలులూ పాముల పొలమూ చీకటి కమ్మిన పల్లె చూపును నిలిపాయి. ఫిన్లండ్ జాతీయ దృశ్యశ్రవ్య సంస్థ పునరుద్ధరించిన మూలప్రతి ఆంగ్ల ఉపశీర్షికలతో అందుబాటులోకి వచ్చాక, హాస్య కార్యక్రమం ద్వారా ఈ చిత్రాన్ని ఎరిగిన ప్రేక్షకులు సైతం దాని పూర్తి రూపాన్ని చూడగలుగుతున్నారు. అందులో ప్తుష్కో పేరు ప్తుష్కోగానే ఉంది.