కూలిన సామ్రాజ్యంలో ఒక కుర్దు సేనాని



ఖిలాఫత్ ఉద్యమం పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన టర్కీ సుల్తాను ఖలీఫా పదవిని కాపాడాలని గాంధీజీ, అలీ సోదరులు మన దేశంలో ఉద్యమించారు. ఆ సుల్తాను సైన్యంలోనే పనిచేసిన ఒక అధికారి కథను ఇప్పుడు పరిశీలిద్దాం. ఆయన పేరు ఇహ్సాన్ నూరీ. సామ్రాజ్యమే కూలిపోతే దాని కోసం పోరాడిన సైనికుడు ఏమవుతాడు?

ఇహ్సాన్ నూరీ తూర్పు టర్కీలోని బిత్లిస్‌లో ఒక కుర్దు కుటుంబంలో జన్మించాడు. ఇస్తాంబుల్ సైనిక కళాశాలలో చదివి ఆటోమన్ సైన్యంలో అధికారి అయ్యాడు. ప్రపంచ యుద్ధంలో ఆ సామ్రాజ్యం తరఫునే పోరాడాడు. 1918 అక్టోబరులో సామ్రాజ్యం ఆయుధాలు దించింది.

ఇక్కడ రెండు సంధులను పోల్చి చూడండి. 1920 నాటి సెవ్రెస్ సంధి కుర్దులకు స్వయంపాలన ఇస్తామంది. 1923 నాటి లాసేన్ సంధిలో కుర్దుల పేరే లేదు. 1924 మార్చిలో టర్కీ గణతంత్రం ఖలీఫా పదవిని కూడా రద్దు చేసింది. మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమానికి ఆధారమే పోయింది. అక్కడ తురుష్కులను, కుర్దులను కలిపి ఉంచిన పెద్ద బంధం తెగిపోయింది. కొత్త రాజ్యం తురుష్క జాతీయతను, తురుష్క భాషను మాత్రమే గుర్తించింది.

అదే ఏడాది సెప్టెంబరులో బైతుషెబాప్ వద్ద కొందరు కుర్దు అధికారులు తిరగబడ్డారు. వారిలో ఇహ్సాన్ నూరీ ఒకడు. ఆ ప్రయత్నం విఫలమై ఆయన ఇరాక్ వైపు వెళ్ళిపోయాడు. 1927లో లెబనాన్‌లో కుర్దు నాయకులు 'ఖోయ్‌బూన్' అనే సంస్థను స్థాపించారు. అరారత్ పర్వతం మీది తిరుగుబాటుకు ఆయనే సేనాని అయ్యాడు.

ఇప్పుడు మీ అట్లాసు తెరవండి. అరారత్ ఒక అగ్నిపర్వతం. దానికి రెండు శిఖరాలు. పెద్ద శిఖరం ఎత్తు 5,137 మీటర్లు. ఆనాడు పెద్ద అరారత్ టర్కీలో ఉండేది, చిన్న అరారత్ తూర్పు వాలు ఇరాన్‌లో ఉండేది. టర్కీ సైన్యం పడమటి నుంచి ఎక్కితే తిరుగుబాటుదారులు తూర్పుకు దిగేవారు. తిండిగింజలు, తూటాలు ఆ దారినే వచ్చేవి. మూడేళ్ళు వారు నిలవడానికి ధైర్యంతో పాటు ఈ సరిహద్దు గీత కూడా కారణం.

1930 వేసవిలో టర్కీ విమానాలతో, పెద్ద సేనతో దాడి చేసింది. ఇరాన్ వైపు వాలుల్లోకి కూడా ప్రవేశించి పర్వతాన్ని చుట్టుముట్టింది. తిరుగుబాటు అణగిపోయింది, ఎన్నో గ్రామాలు నాశనమయ్యాయి. ఇహ్సాన్ నూరీ ఇరాన్‌లో తలదాచుకున్నాడు. 1932లో రెండు దేశాలు సరిహద్దును సవరించుకున్నాయి. చిన్న అరారత్ కూడా టర్కీకి చేరింది. మళ్ళీ ఎవరూ ఆ దారిన దిగకుండా గీతనే జరిపారన్నమాట!

ఆయన 1976లో టెహ్రాన్‌లో మరణించాడు. ఒకే మనిషిని ఒక ప్రభుత్వం అధికారి అంది, మరొకటి ద్రోహి అంది, కుర్దులు పాషా అన్నారు. పటంలో ఏ సరిహద్దు గీతను చూసినా, అది గీసిన రోజున దానికి రెండు వైపులా ఎవరు నివసించేవారో ఒకసారి అడగండి. చరిత్ర చదవడం అక్కడే మొదలవుతుంది.