ఇషాపూర్ రైఫిల్ కొనబోయే ముందు

అమెరికాలో పాత సైనిక ఆయుధాలు అమ్మే దుకాణాల్లో మన దేశపు రైఫిల్ ఒకటి తరచూ కనబడుతుంది. చెక్క బట్ ఇనుములో దిగే చోట కుడివైపు చూస్తే అశోక సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు, ఒక సంవత్సరం ఉంటాయి. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. సింహాల బదులు కిరీటం, దాని కింద జీ.ఆర్.ఐ. అని ఉంటే అది జార్జి చక్రవర్తి ఏలుబడిలో తయారైందన్నమాట. ఆ ముద్రలు చదవడం వచ్చినవాడికి అమ్మేవాడి మాటలతో పనిలేదు.

కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉంది ఇషాపూర్. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడ తుపాకీ మందు తయారయ్యేది. 1904లో అదే చోట రైఫిల్ కర్మాగారం వెలిసింది. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్, లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం గొట్టంలో తీర్చిన గాళ్లు కలిసి లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మూడో మార్కు నమూనానే ఇషాపూర్ దశాబ్దాల పాటు చేసింది. మన పోలీసు స్టేషన్లలో త్రీనాట్‌త్రీగా (.303) పేరుపడ్డది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నంబర్ 4 నమూనాకు మారిపోయినా ఇషాపూర్ మారలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పాత నమూనాయే కొనసాగింది. 1962లో హిమాలయాల్లో మన జవాన్లు ఒక్కో తూటాకు ఒక్కోసారి బోల్ట్ లాగుతూ చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నది ఈ రైఫిళ్లతోనే.

ఆ తర్వాతే 7.62 మిల్లీమీటర్ల తూటాకు ఇషాపూర్ 2ఎ, 2ఎ1 రైఫిళ్లు వచ్చాయి. పాత .303ని మార్చి చేసినవే ఇవని కొందరు అమ్మకందార్లు చెబుతారు. అది నిజం కాదు. ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే ఉక్కుతో మొదటి నుంచీ కొత్తగా చేసినవి. వెనక గురిపట్టీ 2000 దాకా ఉంటే 2ఎ, 800తో ఆగితే 2ఎ1. వీటిలో దేన్నైనా ప్రపంచ యుద్ధంలో వాడిన రైఫిలని ఎవరైనా చెబితే, బట్ దగ్గరున్న సంవత్సరాన్ని వేలితో చూపించండి.

రైఫిల్ చేతికి రాగానే మూతిని ఎవరూ లేని వైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి ఖాళీగా ఉందో లేదో చూడాలి. తర్వాత నంబర్లు. బోల్ట్ పిడి మొదట్లో ఉన్న నంబరు, రిసీవర్ మీది నంబరు ఒకటే కావాలి. బోల్ట్ మారిన రైఫిల్లో, తూటా అంచు ఆనే గొట్టం వెనక భాగానికీ బోల్ట్ ముఖానికీ మధ్య ఎడం ఎంత ఉందో కంటికి తెలియదు. .303లో ఆ కొలత 0.064 అంగుళాలకు తగ్గకూడదు, 0.074 దాటకూడదు. దాటితే కాల్చేటప్పుడు ఇత్తడి గుల్ల చిట్లి, మండే వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావచ్చు. అందుకే గేజ్ పెట్టి కొలిపించకుండా ఒక్క తూటా కూడా పేల్చకూడదు.

గొట్టం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. పాత .303 తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాగి గొట్టాన్ని తినేస్తుంది. ఈ ఉప్పు నీళ్లకే కరుగుతుంది, వట్టి నూనె తుడిస్తే వదలదు. అందుకే ఆనాటి సైనికులు గరాటుతో మరిగే నీళ్లు పోసి గొట్టం కడిగేవారు. కడగని రైఫిల్లో గుంటలు పడతాయి. బోల్ట్ తీసి వెనకనుంచి వెలుతురులోకి చూస్తే గాళ్ల అంచులు పదునుగా ఉన్నాయో, అరిగాయో తెలుస్తుంది. మూతి దగ్గర మరోసారి చూడాలి. శుభ్రం చేసే తాడు ఏళ్ల తరబడి ఒకే పక్కన రాసుకుంటే అక్కడ గాళ్లు అరిగి గురి చెడుతుంది. మర్చిపోతున్నాను, పైచెక్క కింద దాగిన తుప్పు కూడా ఉంది. మెరిసే నల్లరంగు పూసిన రైఫిల్ అయితే చెక్క విప్పి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయడమే మంచిది.

భారతీయ రైఫిళ్లలో ప్రత్యేకంగా చూడాల్సినవి మూడు. డీపీ అన్న ముద్ర ఉంటే కవాతుకే తప్ప కాల్చడానికి పనికిరాదని సైన్యమే తేల్చిందని అర్థం. మన కాలేజీల ఎన్‌సీసీ పిల్లలు భుజాన మోసి కవాతు చేసింది ఇలాంటి వాటితోనే. చెక్క మారిస్తే ముద్ర మాయమవుతుంది కాబట్టి ఇనుము మీద కూడా వెతకాలి. మ్యాగజైన్ చోట చెక్క దిమ్మె ఉంటే, అది కాపలా పోలీసుల కోసం .410కి మార్చిన, గాళ్లు లేని ఒంటి తూటా తుపాకీ కావచ్చు. ముందు చెక్క చుట్టూ తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్లు విసరడానికి కేటాయించింది. ఈ మూడూ చరిత్రకు విలువైనవే, నేనైతే ముచ్చటపడి దాచుకుంటాను. కానీ కాల్చాలనుకునేవారు కొనకూడదు.

అమెరికా 1968 చట్టంతో సైనిక మిగులు తుపాకుల దిగుమతిని ఆపి, 1984లో సేకరణ వస్తువులకు సడలించింది. గొట్టం మీద దిగుమతిదారు పేరు సన్నగా చెక్కి ఉంటే కంగారు పడనక్కర్లేదు, అది చట్టం అడిగిందే. కొన్నాక ఇసుక కాగితంతో చెక్క రుద్ది, ముద్రలు చెరిపి కొత్తగా చేయడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. వందేళ్ల ఆధారం ఒక మధ్యాహ్నంలో పోతుంది.

ఇదంతా అక్కడి తెలుగువారి కోసం. మన దేశంలో .303, 7.62 రెండూ నిషిద్ధ బోర్లు. అందుకే సామాన్యుల లైసెన్సుకు ఇషాపూర్ .315 రైఫిల్‌ను చేసింది. ఇంట్లో తాతల నాటి తుపాకీ ఏదైనా లైసెన్సు లేకుండా మూలన పడి ఉంటే దాచకండి, అమ్మజూపకండి. న్యాయవాదిని సంప్రదించి, దగ్గరి పోలీసు స్టేషన్‌కు అప్పగించండి.