ఇంజిన్ ఆయిల్, దాని మార్పు గడువు: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఇంజిన్ అరుగుదలకు గల మూడు ప్రధాన కారణాలను వివరించగలుగుతారు.
– ఆయిల్ మార్పు గడువు కాలక్రమంలో ఎందుకు పెరిగిందో చెప్పగలుగుతారు.
– ఒక వాహనానికి తగిన గడువును నిర్ణయించే అంశాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఇంజిన్ ఆయిల్‌ను ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని నలుగురిని అడిగి చూడండి. నాలుగు వేర్వేరు అంకెలు వినిపిస్తాయి. చాలామంది తాము మొదట నడిపిన బండినాటి అంకెనే జీవితమంతా చెబుతుంటారు. ప్రతి అంకె వెనుకా ఒక కాలపు ఇంజిన్, ఆ కాలపు ఆయిల్, ఆ కాలపు ఇంధనం ఉన్నాయి. ఇవి మారినప్పుడల్లా గడువు కూడా మారింది. అందువల్ల గడువు ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతికే ముందు, ఆ గడువు ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలి.

2. ఆముదం నుంచి ఖనిజ తైలానికి

కందెన ఇంజిన్ కంటే ఎంతో పాతది. మన పల్లెల్లో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పెట్టేవారు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ నూనె బావి తవ్విన తరువాత ఖనిజ తైలం విరివిగా దొరకసాగింది. అయినా ఆముదం వెంటనే తెరమరుగు కాలేదు. 1909లో వచ్చిన ‘క్యాస్ట్రాల్’ అనే పేరు, ఆముదానికి ఇంగ్లీషు పేరైన ‘క్యాస్టర్’ నుంచి పుట్టిందే.

మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజిన్లు ఆముదంతో నడిచాయి. వాటిలో పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసు గుండానే వెళ్లేది. ఖనిజ తైలం పెట్రోలులో కరిగి పలచబడుతుంది. ఆముదం అంత తేలికగా కరగదు. ఆ ఇంజిన్లు ఆయిల్‌ను ఒకసారి వాడుకొని బయటకు వదిలేసేవి కనుక మార్చే ప్రశ్నే లేదు. కారు ఇంజిన్‌లో మాత్రం ఒకే ఆయిల్ మళ్లీ మళ్లీ తిరగాలి. ఆముదం వేడికి జిగురుకడుతుంది. పాలమూరు, నల్గొండ చెలకల్లో విరివిగా పండిన ఈ పంట, కారు ఇంజిన్ దగ్గర ఖనిజ తైలానికి చోటు వదలవలసి వచ్చింది.

3. తొలి గడువు

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఆయిల్ పంపు లేదు, ఫిల్టరూ లేదు. తిరిగే భాగాలు చిమ్మిన ఆయిలే అన్నిచోట్లకూ చేరేది. సుమారు 750 మైళ్లకు, అంటే 1,200 కిలోమీటర్లకు ఒకసారి పాత ఆయిల్ తీసివేయాలని కంపెనీ పుస్తకం సూచించింది. మట్టిరోడ్ల ధూళి, లోహపు రజను, కాలని పెట్రోలు అన్నీ ఆయిల్‌లోనే మిగిలిపోయే రోజుల్లో ఆ గడువు న్యాయమైనదే.

1911లో అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం, ఎస్.ఏ.ఈ., ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గీకరించింది. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ ఆయిల్ ఫిల్టర్‌ను రూపొందించాడు. మురికిని వడకట్టే మార్గం దొరకడంతో గడువు పెరగడానికి తొలి అవకాశం ఏర్పడింది.

4. అరుగుదలకు కారణాలు

లోహం లోహాన్ని ఒరుసుకోవడం మొదటి కారణం. రెండు భాగాల మధ్య ఆయిల్ పొర తెగినప్పుడు ఇది జరుగుతుంది. ధూళి, రజను గీతలు పెట్టడం రెండవది. మూడవది చాలాకాలం గుర్తింపు పొందలేదు. 1930లలో బ్రిటన్‌లో సి.జి. విలియమ్స్ సిలిండర్ల అరుగుదలపై చేసిన పరిశోధనలు దానిని వెలుగులోకి తెచ్చాయి. సిలిండర్ గోడ చల్లగా ఉన్నప్పుడు, ఇంధనం కాలగా వచ్చిన నీటి ఆవిరి దానిపై చెమ్మగా పేరుకుంటుంది. అందులో ఆమ్లాలు చేరి లోహాన్ని తింటాయి. అంటే ఇంజిన్ రాపిడితోపాటు ఒక రకమైన తుప్పుతో కూడా అరుగుతుంది. తక్కువ దూరం నడిచి, వేడెక్కకముందే ఆగిపోయే బండి ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే.

5. ఆయిల్‌లో చేరిన రసాయనాలు

1930లలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు మసి పట్టి బిగుసుకుపోయేవి. 1935లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ సంస్థ మసిని కడిగే రసాయనం కలిపిన ‘డెలో’ ఆయిల్‌ను తెచ్చింది. ఇలాంటి ఆయిల్ త్వరగా నల్లబడుతుంది. రింగుల దగ్గర పేరుకోవలసిన మసిని తనలో నిలుపుకోవడమే దాని పని. కనుక రంగు చూసి ఆయిల్ చెడిందని తీర్పు చెప్పకూడదు.

1940లలో జింక్ సమ్మేళనాలు కలపడం మొదలైంది. ఇవి ఆయిల్ పాడవడాన్ని ఆలస్యం చేస్తాయి. లోహంపై రక్షణ పొరనూ ఏర్పరుస్తాయి. తరువాత మల్టీగ్రేడ్ ఆయిళ్లు వ్యాపించాయి. 20డబ్ల్యు-40 అన్నప్పుడు మొదటి అంకె చలిలో ప్రవాహ గుణాన్ని, రెండవది ఇంజిన్ వేడిలో చిక్కదనాన్ని తెలుపుతాయి. చిక్కని ఆయిల్ ఎప్పుడూ మేలన్న నమ్మకం సరికాదు. అవసరానికి మించిన చిక్కదనం ఉంటే ఉదయం స్టార్ట్ చేయగానే ఆయిల్ పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. మరీ పలచనైతే వేడిలో పొర తెగుతుంది.

6. గడువు పొడిగింపు: ఒక పరీక్ష

అమెరికా పత్రిక ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ 75 న్యూయార్క్ టాక్సీలపై జరిపిన పరీక్ష ఫలితాలను 1996లో ప్రచురించింది. 3,000 మైళ్లకు ఆయిల్ మార్చిన ఇంజిన్లకూ, 6,000 మైళ్లకు మార్చిన వాటికీ అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఒక విషయం గమనించండి. టాక్సీ రోజంతా వేడిగానే నడుస్తుంది కనుక చెమ్మ నిలవదు. వారానికి రెండుసార్లు సంతకు వెళ్లివచ్చే కారుకు ఈ ఫలితం వర్తించదు.

ఇంధనం పాత్ర కూడా గుర్తుంచుకోండి. డీజిల్‌లోని గంధకం ఆమ్లంగా మారి ఆయిల్ శక్తిని హరిస్తుంది. భారతదేశంలో బి.ఎస్.-3 డీజిల్‌లో గంధకం పరిమితి కిలోకు 350 మిల్లీగ్రాములు, బి.ఎస్.-4లో 50, 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6లో 10. గడువు పెరగడానికి ఇది మరొక కారణం.

7. మీ వాహనానికి అన్వయం

గడువు మరీ తగ్గిస్తే మంచి ఆయిల్, డబ్బు వృథా. మరీ పెంచితే ఆయిల్‌లోని రసాయనాలు హరించి, మడ్డి పేరుకుంటుంది. ఆటో ఇంజిన్ బోరుకు వస్తే మరమ్మతు ఖర్చుతోపాటు షెడ్డులో ఉన్నన్ని రోజుల రాబడీ పోతుంది. అందుచేత కంపెనీ పుస్తకంలోని గ్రేడును, గడువును ప్రమాణంగా తీసుకోండి. అందులో కిలోమీటర్లతోపాటు నెలలు కూడా ఉంటాయి; ఏది ముందు వస్తే అదే గడువు. దుమ్ము, అధిక బరువు, తక్కువ దూరపు ప్రయాణాలు ఉంటే పుస్తకం చెప్పే కఠిన వాడకం గడువును పాటించండి. ట్రాక్టర్ ఒకేచోట నిలిచి కూడా పనిచేస్తుంది కనుక దానికి గంటల లెక్క చూడాలి. మార్పు గడువు ఎంతైనా, మధ్యలో డిప్‌స్టిక్‌తో మట్టం చూడడం మానకూడదు.

8. సారాంశం

ఫిల్టర్లు, రసాయనాలు, శుభ్రమైన ఇంధనం కలిసి గడువును పెంచాయి. వాడే తీరు దానిని మళ్లీ తగ్గించగలదు. పాత అంకెను గుడ్డిగా పాటించడం, కొత్త అంకెను అన్ని బండ్లకూ వర్తింపజేయడం రెండూ నష్టమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. రోటరీ విమాన ఇంజిన్లకు ఆముదం ఎందుకు అనుకూలించింది?
2. ఆయిల్ నల్లబడడం దేనికి సూచన?
3. టాక్సీల పరీక్ష ఫలితం మీ ఇంటి వాహనానికి ఎంతవరకు వర్తిస్తుందో కారణాలతో రాయండి.