దీపం లేని ఊళ్ళు

రెవెన్యూ లెక్కల్లో 'బేచిరాక్ గ్రామం' అనే మాట ఎప్పుడైనా విన్నారా? పారసీలో 'బే' అంటే లేని, 'చిరాగ్' అంటే దీపం. ఊరికి పేరు వుంటుంది, సర్వే నంబర్లుంటాయి, పొలాలుంటాయి. సందెవేళ దీపం పెట్టే యిల్లాలు మాత్రం వుండదు.

వానాకాలంలో తలుపుల మండలంలోని బట్రేపల్లి జలపాతం చూడడానికి చాలామంది వెళుతుంటారు. ఈమారు మీరు పదిమంది కలిసి ఆ కొండల వైపు నడిచేటప్పుడు నీళ్ళతోపాటు నేలను కూడా చూడండి. యిళ్ళు లేనిచోట పూడిపోయిన బావి, బీట్లో ముసలి చింతచెట్టు, పగిలిన రోలు, తిరగలి రాయి, కాలికింద కుండపెంకులు కనిపిస్తే ఒక్క నిముషం ఆగండి. అక్కడ ఒకప్పుడు ఊరు వుండి వుండవచ్చు. అలాంటి చోటునే మనవాళ్ళు 'పాటి' అంటారు. పాటిమన్ను పొలానికి బలమని రైతులు బండ్లతో తోలుకుంటారు. ఎందుకు బలం? తరతరాల పొయ్యిబూడిద, పేడ, కసువు అందులో కలిసి వున్నాయి గనుక. ఆ కసువు ఊడ్చి పోసిందెవరో వేరే చెప్పాలా?

ఊళ్ళు ఎందుకు పాడుపడ్డాయి? 1565లో విజయనగరం పడిపోయాక రాజధాని పెనుకొండకు మారింది. తర్వాత పాళెగాళ్ళ తగవులు, మరాఠా, మైసూరు సేనల రాకపోకలు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి వదులుకున్నాడు. 1876-78లో ధాత కరువు వచ్చింది. దక్షిణదేశంలో 50 లక్షలకు పైగా జనం పోయారని అంచనా. అయితే అన్నీ కరువుకే పోయాయనుకోకండి. చెరువుకట్ట తెగినా, బావి ఎండినా, కలరా తగిలినా, బాట పక్కన బతుకు సులువనిపించినా జనం లేచిపోయేవారు.

పాత కాగితాలు వెదికేవారికి ఒక మాట. యిప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో వున్న తలుపుల, అంతకుముందు అనంతపురం జిల్లాలోది. కానీ కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో వుండేది. కాబట్టి ధాత కరువునాటి సంగతులకు కడప లెక్కలే చూడాలి.

మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతుల్లో ఎన్నో గ్రామాల చరిత్ర వుంది. అయితే అవి ఎక్కువగా కరణాలు చెప్పినవి. మాన్యాలు, గుళ్ళు, దొరతనాలు వాటిలో దొరుకుతాయి. నీళ్ళు దూరమై బిందె దించలేక ఏ యిల్లు ముందు కదిలిందో దొరకదు.

అది మన యిళ్ళల్లోనే దొరకాలి. మీ యింటిపేరు ఏ ఊరిది? మీ అత్తగారు మొక్కు చెల్లించడానికి యిల్లంటూ లేని చోటికి వెళ్ళి పొంగలి పెట్టి వస్తారా? ఆ చోట మీవాళ్ళ పాత ఊరు వుండేదేమో అడగండి. యిప్పుడు గుప్తనిధుల ఆశతో దేవతారాళ్ళు పెకలించేవారున్నారు, యంత్రాలతో పాటిని చదును చేసేవారున్నారు. రాయి పోయాక పేరూ పోతుంది.

కాబట్టి కొండకు వెళ్ళేటప్పుడు నీళ్ళసీసాతోపాటు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పెంకు కూడా తీయకండి, తవ్వకండి. గొర్రెలకాపరిని, పెద్దవాళ్ళను అడిగి ఊరిపేరు, దేవత పేరు, బావి ఏ దిక్కున వుందో రాసుకోండి. ఆ పేజీని మీ ఊరి బడిలో పంతులమ్మ చేతికివ్వండి.