నోటా

నోటా అంటే బరిలో ఉన్నవారిలో ఎవరూ నచ్చలేదని ఓటరు రహస్యంగా చెప్పడానికి ఈవీఎంలో అభ్యర్థుల పేర్లన్నిటి కింద ఉంచిన మీట. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది మన ఎన్నికల్లోకి వచ్చింది.

అంతకుముందు కాగితం బ్యాలెట్ రోజుల్లో, ముద్ర వేయని చీటీని మడిచి పెట్టెలో వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఈవీఎంలు వచ్చాక ఆ చాటు పోయింది. మిగిలిందల్లా 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49-ఓ. దాని ప్రకారం, 17-ఏ రిజిస్టర్‌లో సంతకం చేశాక ఓటరు తాను ఓటు వేయనని ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. ఆయన ఆ పేరుకు ఎదురుగా ఆ మాట రాసి, మళ్లీ సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఇదంతా పార్టీల ఏజెంట్లు కూర్చున్న గదిలోనే జరగాలి. ఏజెంట్లంతా మొహం తెలిసినవాళ్లే అయిన పల్లెలో అంతటి తెగువ ఎందరికి ఉంటుంది?

దీనిపై పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. తొమ్మిదేళ్ల తర్వాత ప్రధాన న్యాయమూర్తి పి.సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం, ఓటు వేసేవారికి ఉన్న గోప్యత తిరస్కరించేవారికీ ఉండాలని తేల్చింది. నోటా మీట ఉంటే, విసిగిపోయి ఇంట్లో ఉండిపోతున్నవారు బూత్‌కు వస్తారని, పార్టీలు మంచి అభ్యర్థులను వెతుక్కుంటాయని ఆశించింది. ఆ ఏడాది చివర ఢిల్లీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మిజోరం శాసనసభ ఎన్నికల్లో నోటా తొలిసారి కనిపించింది. 2015లో దీనికి గుర్తు కూడా ఇచ్చారు.

గోప్యత దక్కింది కానీ బలం దక్కలేదు. నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో తప్పుకోగా, నోటాకు 2,18,674 ఓట్లు వచ్చాయి. ఫలితం మీద వాటి ప్రభావం ఏమీ లేదు. అరకులోనూ 50 వేలు దాటాయి. సూరత్‌లోనైతే ఏకగ్రీవం కావడంతో నోటా నొక్కే అవకాశమే రాలేదు. దేశం మొత్తం మీద నోటా ఓట్లు 63 లక్షల పైచిలుకు. అసలు ఓటే వేయనివారు సుమారు 33 కోట్లు! కోర్టు ఎవరి కోసం తలుపు తీసిందో వారు లోపలికి రాలేదు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు మరో దారి పట్టారు. నోటా నొక్కి ఊరుకోకుండా వందకు పైగా తామే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది బరిలో నిలవడంతో ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పసుపు బోర్డు కావాలన్న వారి గోడు దేశమంతా విన్నది. కానీ ప్రతి ఓటరూ డిపాజిట్ కట్టి అభ్యర్థి కాలేడు. సామాన్యుడి చేతిలో ఉన్న మీటకే విలువ ఉండాలి.

ఆ దిశగా 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు అడుగు వేశాయి. నోటాకే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరపాలని ఆదేశించాయి. హర్యానా అయితే నోటా చేతిలో ఓడినవారు ఆ మలి ఎన్నికలో పోటీ చేయకూడదని కూడా చెప్పింది. ఇవి స్థానిక సంస్థలకే పరిమితం. పార్లమెంటు ఇదే నియమాన్ని శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకూ చట్టంగా తేవాలి.