పొడుగువారి సైకిలు

నేను ఆరడుగుల మూడంగుళముల మనిషిని. రేడియోలో మాటలాడువాని పొడవు వినువారికి కనబడదు గావున ఈ సంగతి మొదటనే విన్నవించుకొనుచున్నాను. మా యూరి పాత యిండ్ల ద్వారబంధములన్నియు నా నుదుటికి చిరపరిచితములు. బస్సులో మెడ వంచుకొని నిలుచుటయు, నులకమంచము మీద పాదములు బయటికి చాచి పండుకొనుటయు నాకు అలవడినవి. వీనినన్నిటిని నవ్వుతో సరిపెట్టుకొనవచ్చును. అట్లు సరిపెట్టుకొనరానిది నా మోకాళ్ల నొప్పి యొక్కటియే.

నేను ఉపాధ్యాయుడనుగా నుండి విరమించినవాడను. 1971 మొదలు ముప్పదియొక్క యేండ్లు కాలువగట్టు వెంబడి పోవుటకు ఆరు మైళ్లు, వచ్చుటకు ఆరు మైళ్లు సైకిలు త్రొక్కితిని. మోకాళ్లు పట్టుకొనిపోయినప్పుడు వైద్యుని యొద్దకు పోగా, ఆయన మందు వ్రాయుటకు ముందు, "మేష్టరుగారూ, మీ సైకిలు సీటు ఎంత యెత్తున నుండెడిది?" అని యడిగెను. ఆ ప్రశ్న నాకు వింతగా తోచినది. సీటు మిక్కిలి తక్కువ యెత్తున నున్నచో త్రొక్కినప్పుడెల్ల మోకాలు అతిగా ముడిచికొని, చిప్ప మీద ఒత్తిడి యధికమగునట. నా నొప్పికి వయస్సు మొదలగు కారణములు వేరుగా నున్నను, ఇదియు నొకటి యని యాయన చెప్పెను. ఇంటికి వచ్చి ఆలోచించితిని. చొక్కాకు కొలత తీసికొందుము, చెప్పునకు కొలత తీసికొందుము, కాడికి ఎద్దు మెడ చూతుము. సైకిలునకు మాత్రము మనిషిని కొలిచినవారిని నేను చూచి యెరుగను. పూర్వము నుండియు ఇట్లే యుండెనా అని విచారింపగా తెలిసిన చరిత్రమును ఈ పూట మీతో చెప్పుకొందును.

సైకిలునకు ఆదిపురుషుడు జర్మనీ దేశపు అటవీ అధికారి కార్ల్ వాన్ డ్రైస్. ఆయన 1817 వ సంవత్సరము జూన్ 12 వ తేదీన మాన్‌హైమ్ పట్టణము నుండి ఒక కొయ్య బండి నెక్కి బయలుదేరెను. ఆ బండికి ఒకదాని వెనుక నొకటిగా రెండు చక్రములు, నడుమ కూర్చుండుటకు దూలము వంటి పీట, ముందు చక్రమును త్రిప్పుటకు పిడి యుండెను. గొలుసు లేదు, పెడళ్లు లేవు. కూర్చున్నవాడే నేలను పాదములతో వెనుకకు తన్నుచు పోవలెను. ఇందు మనిషి కాలి పొడవే సర్వమును. పీట ఎత్తైనచో పాదము నేలకు ఆనదు, తక్కువైనచో మోకాళ్లు ముడిచికొని తన్ను సాగదు. కాబట్టి అట్టి బండి మనిషికి తగినదై యుండక తప్పదు.

పెడళ్లు 1860 తరువాతి సంవత్సరములలో పారిసు నగరమున వచ్చినవి. అవి నేరుగా ముందు చక్రపు ఇరుసుకే బిగింపబడి యుండెను. ఇక్కడనే మన కథ రసవత్తరమగును. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. అట్లైనచో ఒక్క త్రొక్కునకు ఎక్కువ దూరము పోవలె నన్న నేమి చేయవలెను? చక్రమును పెద్దది చేయవలెను. ఇంగ్లండులోని కావెంట్రీ పట్టణమున జేమ్స్ స్టార్లీ అను పనివాడు 1870 లో ఇనుప తీగల ఆకులతో తేలికయైన పెద్ద చక్రము నమర్చిన సైకిలునకు పేటెంటు పొందెను. ముందు చక్రము మనిషి రొమ్ము దాక, వెనుక చక్రము పళ్లెమంత. ఈ బండి బొమ్మను మీలో కొందరు పాత పుస్తకములలో చూచియే యుందురు.

అయితే చక్రమును ఎంత పెద్దది చేయవచ్చును? దానికి హద్దు మనిషి కాలే. కూర్చున్నవాని పాదము క్రింది పెడలునకు అందవలెను గదా. అందుచేత ఆ కాలమున సైకిలు కొనబోవువానికి దర్జీ కొలిచినట్లు లోపలి కాలి కొలత చూచి, నలుబది యెనిమిది, ఏబది, ఏబదిరెండు అని రెండేసి అంగుళముల వాసితో చక్రములు అమ్మెడివారు. 48 అంగుళముల చక్రము ఒక చుట్టునకు పండ్రెండున్నర అడుగులు పోవును. 58 అంగుళములది పదునైదడుగులు దాటును. మైలు దూరము పోవుటకు పొట్టివాడు 420 మారులు త్రొక్కవలసిన చోట పొడుగువాడు 348 మారులు త్రొక్కిన చాలును. ఆహా, ఈ లెక్క వేసికొన్ననాడు నాకు కలిగిన యానందమేమి చెప్పుదును! పొడుగువాడు ఒంగి తిరుగవలసిన లోకములో పదునైదేండ్ల పాటైనను అతడు రాజుగా నుండెను గదా అని సంతసించితిని.

ఆ రాజులలో నొకడు ఐయాన్ కీత్ ఫాల్కనర్. స్కాట్లండు దేశపు ఒక ప్రభువు కుమారుడు. 1856 లో పుట్టెను. ఎత్తు నా యెత్తే, ఆరడుగుల మూడంగుళములు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదువుచు, 1878 లో వృత్తి పందెగాడైన జాన్ కీన్ అనువానిని అయిదు మైళ్ల పందెములో కొలది గజముల తేడాతో ఓడించెను. 1882 లో ఇంగ్లండు దక్షిణపు కొన నుండి స్కాట్లండు ఉత్తరపు కొన వరకు పదుమూడు దినములలోపల త్రొక్కుకొని పోయెను. తారు రోడ్లు కావు, గాలి టైర్లు లేవు.

ఈయనను గూర్చి మరియొక మాట చెప్పనిదే నా మనస్సు ఊరుకొనదు. పందెములలో గెలిచిన ఈ దీర్ఘకాయుడు అరబ్బీ, సిరియా భాషలలో పండితుడు. 1885 లో సిరియా భాష నుండి "కలీలా దిమ్నా" అను కథల గ్రంథమును ఇంగ్లీషులోనికి తెచ్చెను. ఆ కలీలా దిమ్నాలు ఎవరనుకొన్నారు? మన పంచతంత్రములోని కరటకదమనకులే. ఆ కథలు సంస్కృతము నుండి పహ్లవీ భాషకు, అందుండి అరబ్బీకి, మరల సిరియా భాషకు పోయి, సైకిలు త్రొక్కు పొడుగువాని చేతిలో పడినవి. మనకు చిన్నయసూరి 1853 లో నీతిచంద్రికయందు చెప్పిన మిత్రలాభ మిత్రభేదములకును వానికిని మూల మొక్కటే. నేను బడిలో ఎన్నియో యేండ్లు ఆ నక్కల కథ చెప్పి, ఆ వెంటనే చాలని సైకిలు నెక్కి యింటికి వచ్చెడివాడను. ఆ పొడుగుదొర యున్నాడని అప్పుడు నాకేమి తెలియును? ఆయన 1887 లో ఏడెన్ దగ్గర జ్వరముతో చనిపోయెను. ముప్పదియొకటవ యేడైనను నిండలేదు.

పెద్ద చక్రపు బండి మన దేశమునకును వచ్చినది. థామస్ స్టీవెన్స్ అనునతడు 50 అంగుళముల చక్రముతో లోకము చుట్టి వచ్చుచు 1886 లో లాహోరు నుండి కలకత్తా వరకు మన రాజమార్గము మీద పోయెను.

కాని దాని దోషమును దాచరాదు. చిన్న రాయి తగిలినను మనిషి తలక్రిందుగా ముందుకు పడును. ఎంత పెద్ద చక్రమో అంత యెత్తు నుండి పాటు. రాజ్యము గొప్పదే గాని సింహాసనము మిక్కిలి జారుడుది. స్త్రీలకు, వృద్ధులకు, పొట్టివారికి ఆ బండి దక్కనే లేదు. జేమ్స్ స్టార్లీ సోదరుని కొడుకగు జాన్ కెంప్ స్టార్లీ 1885 లో రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండి, పెడళ్లు నడుమ నుండి, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు "రోవర్" అను సైకిలును తెచ్చెను. 1888 లో బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ సైకిలునకు పనికివచ్చు గాలి టైరును చేసెను. నేడు మన వాకిట నిలిచియున్న సైకిలు ఈ రెండింటి సంతానమే.

గొలుసు వచ్చుటతో కాలి పొడవు చేయుపనిని పళ్లచక్రములు చేయసాగెను. నా పాత సైకిలునకు ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు, చక్రము 28 అంగుళములు. 44 ని 18 చే భాగించి 28 చే హెచ్చించిన 68 వచ్చును. అనగా నా సైకిలు 68 అంగుళముల పెద్ద చక్రముతో సమానము. ఇంగ్లీషు పనివారు నేటికిని సైకిలు వేగమును ఇట్లే అంగుళములలో లెక్కింతురు. పెద్ద చక్రము పోయినను దాని కొలత పోలేదు. కీత్ ఫాల్కనర్ సయితము కాళ్లు చాచి యెక్కజాలని చక్రమును నాలుగున్నర అడుగుల రైతు తేలికగా త్రొక్కుచున్నాడు. ఇది మహోపకారము. చక్రము లన్నియు ఒక కొలతకు వచ్చినందుననే టైర్లు, ట్యూబులు, ఆకులు ఏ సంతలోనైనను దొరకినవి, వెల తగ్గినది. నా వంటి బీదపంతులు సైకిలు కొనగలిగినది దాని చలవచేతనే. ఇదంతయు ఒప్పుకొని చెప్పుచున్నాను: ఆ దినమున పొడుగువాని రాజ్యము పోయినది.

ఇక మిగిలిన భేదము ఫ్రేములో మాత్రమే. పెడళ్ల ఇరుసు మధ్య నుండి సీటు గొట్టము పైకొన వరకు గల పొడవే ఫ్రేము కొలత. మన దేశమునకు మొదట ఇంగ్లండు సైకిళ్లు వచ్చినవి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949 లో మద్రాసులోను, 1951 లో సోనీపట్టులోను, 1956 లో లూధియానాలోను పెద్ద కర్మాగారములు వెలసినవి. అవియు ఆ యింగ్లీషు మచ్చునే అనుసరించి 22, 24 అంగుళముల ఫ్రేములు చేసినవి. పెడలు కాడ మాత్రము అందరికి నొక్కటే, ఆరున్నర ఏడంగుళములు. మా యూరి వైపు 22 ది విరివిగా దొరకెడిది. 24 ది కావలెనన్న పట్టణమునకు పోయి చెప్పి తెప్పించుకొనవలెను. నేను వాడిన సైకిలు పాతది కొన్నాను, ఇరువదిరెండుది.

దుకాణము వాడు, "సీటు పైకి లాగిన సరి, పంతులుగారూ" అనెను. లాగితిని. ఇంకను లాగితిని. గొట్టములో ఒక అంగుళము మాత్రము మిగులునట్లు లాగితిని. ఒకనాడు అర్ధసంవత్సర పరీక్షల కాగితములు సంచిలో పెట్టుకొని వచ్చుచుండగా, సీటు కాడ పటుక్కున విరిగి, నేనును కాగితములును కాలువలో పడితిమి. నాకు మోచేయి చీరుకొనినది. ఎనిమిదవ తరగతి లెక్కల కాగితములను మా యావిడ రెండు దినములు దండెము మీద ఆరవేసినది. సిరా కరిగిపోయిన చోట అబ్బాయిలకు మార్కులు వేయక తప్పలేదు. వారు ఆ కాలువకు నేటికిని కృతజ్ఞులై యుందురు. పిమ్మట కమ్మరి చేత బరువైన పొడుగు కాడ చేయించుకొంటిని. సీటు లేచినది గాని హ్యాండిలు లేవలేదు. మోకాలికి కొంత సుఖము, నడుమునకు క్రొత్త బాధ. కొన్నాళ్లకు సీటును మరల దించుకొంటిని. అదియే నేను చేసిన తప్పు.

సీటు ఎంత యెత్తున నుండవలెనో 1967 లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అను నిద్దరు శోధించి చెప్పిరి. లోపలి కాలి పొడవు నూరు పాళ్లైనచో, క్రిందికి వచ్చిన పెడలు నుండి సీటు పైభాగమునకు నూటతొమ్మిది పాళ్లు ఉండవలెనట. నా కాలు 36 అంగుళములు. సీటు 39 అంగుళముల పైన నుండవలసినది. నా సైకిలుకు నేను కొలిచి చూడగా 34న్నర యున్నది. దాదాపు అయిదంగుళముల కొరత! దినమునకు పండ్రెండు మైళ్లు, ఒక్కొక్క మోకాలు మూడువేల అయిదువందల మారులు. ముప్పదియొక్క యేండ్ల లెక్క నేను కట్టలేదు. కట్టుటకు ధైర్యము చాలలేదు.

పొడుగువారికి తగిన సైకిలు లోకములో లేదని కాదు. స్పెయిను దేశపు మిగేల్ ఇందురైన్ ఆరడుగుల రెండంగుళముల వాడు. 1991 మొదలు 1995 వరకు వరుసగా అయిదేండ్లు ఫ్రాన్సు దేశపు మహాపందెము గెలిచెను. 1994 సెప్టెంబరు 2 న బోర్డో నగరమున ఒక్క గంటలో 53 కిలోమీటర్ల 40 మీటర్లు త్రొక్కినప్పుడు ఆయన పెడలు కాడలు 190 మిల్లీమీటర్లవి. లోకులందరికి 170 చాలును. అమెరికాలో 36 అంగుళముల చక్రములతో పొడుగువారికై సైకిళ్లు చేయువారు కలరు. వాని వెల వినినచో మనకు ఒక జత ఎడ్లు జ్ఞప్తికి వచ్చును.

మా మనుమరాలికి పదునారేండ్లు. ఇప్పటికే అయిదడుగుల పదునొకండంగుళములు. నాలుగు మైళ్ల దూరమున కాలేజీ. పట్టణములో రెండు దుకాణములు తిరిగితిమి. రెండింటను ఆ పాతమాటయే వినబడినది, సీటు పైకి లాగిన సరి యని. నేను ఒప్పుకొనలేదు. దానిని గోడకు చేరవేసి, వట్టికాళ్లతో నిలువబెట్టి, కాళ్ల నడుమ అట్టపుస్తకము నిలువుగా నొత్తి, గోడ మీద గీత గీసితిని: 35 అంగుళములు. సీటు 38 అంగుళముల యెత్తున నుండవలెను. పుస్తకము లేనివారికి సులువైన దారియు కలదు. సీటు మీద కూర్చుండి క్రింది పెడలు మీద మడమ పెట్టినప్పుడు కాలు తిన్నగా సాగవలెను. ముందుపాదముతో త్రొక్కునప్పుడు మోకాలు కొంచెము ముడుచుకొనును. హ్యాండిలు కాడ కూడ దానితో పైకి రావలెను.

చివరకు కాలము చేసిన నా మిత్రుని గొడ్లచావడిలో 24 అంగుళముల పాత సైకిలు గడ్డి క్రింద దొరకినది. ఆయన కుమారుడు సొమ్ము పుచ్చుకొనలేదు. గొలుసు, టైర్లు, బ్రేకు రబ్బర్లు మార్పించి, పొడుగు సీటు కాడ వేయించితిమి. మా యావిడ మాత్రము, "బారున్న మగసైకిలు ఆడపిల్లకేమిటి?" అని రెండు దినములు అన్నము సరిగా వడ్డింపలేదు. మూడవ దినమున నా మోకాలికి తైలము రాయుచు, తనంత తానే ఊరుకొన్నది.

సీటు కాడ గొట్టములో రెండున్నర అంగుళములకు తక్కువ దిగియుండరాదని, క్రింద నుండి కొలిచి ఆకురాయితో ఒక గీత గీయించితిని. ముప్పది యెనిమిదంగుళముల యెత్తునకు మరియొక గీత. ఈ రెండు గీతల నడుమ ఇంకను రెండంగుళముల చోటున్నది. పిల్ల యింకను ఎదుగుచున్నది.