అవొగాడ్రోకే తెలియని అవొగాడ్రో సంఖ్య

తొమ్మిది గ్రాముల నీటిలో పరమాణువులెన్ని? ఇంటర్ విద్యార్థి మూడు వరుసల్లో తేల్చేస్తాడు. 9ని 18తో భాగిస్తే అర మోల్. దాన్ని 6.022 × 10²³తో గుణిస్తే 3.011 × 10²³ అణువులు. అణువుకు మూడు పరమాణువులు కాబట్టి 9.033 × 10²³. ఈ మూడు వరుసలకు రసాయన శాస్త్రం వందేళ్లు తంటాలు పడింది.

1808లో ఇంగ్లండ్‌కు చెందిన డాల్టన్ నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అనుకున్నాడు. దానికి తోడు నాటి తూకాలూ అంతంతమాత్రమే. దాంతో ఆక్సిజన్ భారం 16 రావాల్సిన చోట 7 వచ్చింది. 1811లో ఇటలీకి చెందిన అవొగాడ్రో, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమన్నాడు. ఆ సంఖ్య ఎంతో మాత్రం ఆయన చెప్పలేదు. ఆయన మాట పట్టించుకున్నవాళ్లూ తక్కువే. యాభై ఏళ్లపాటు ఎవరి ఫార్ములా వాళ్లదే. ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కేకులే తన పాఠ్యపుస్తకంలో ఏకరువు పెట్టాడు!

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహే సభకు చేరిన రసాయన శాస్త్రజ్ఞులూ ఏమీ తేల్చకుండానే లేచారు. పని చేసింది సభ చివర పంచిన, ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు కానిజారో రాసిన చిన్న పుస్తకం. అవొగాడ్రో సూత్రాన్ని పట్టుకుంటే పరమాణు భారాలు వాటంతటవే సర్దుకుంటాయని అందులో చూపించాడు. అప్పటికి అవొగాడ్రో పోయి నాలుగేళ్లు.

ఇక మిగిలింది అసలు సంఖ్య. 1865లో వియన్నాలో లోష్మిట్ గాలి అణువుల పరిమాణాన్ని అంచనా కట్టి దారి చూపాడు. నా దృష్టిలో అసలు ఘనత ఫ్రాన్స్‌కు చెందిన పెరాన్‌ది. గాంబోజ్ అనే పసుపుపచ్చని జిగురును నీటిలో నూరి, గిర్రున తిప్పే యంత్రంతో ఒకే సైజు గింజలను వేరుచేశాడు. ఆ నీటిబొట్టును మైక్రోస్కోపు కింద పెట్టి గింజలు లెక్కించాడు. అడుగున 100 ఉంటే, 30 మైక్రాన్లు పైన 47, మరో 30 పైన 23, ఇంకో 30 పైన 12. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడే సూత్రమే ఇక్కడా కనిపించింది. గింజ బరువు తెలుసు కనుక అణువుల సంఖ్య లెక్కకు వచ్చింది. అది నేటి విలువకన్నా కాస్త ఎక్కువే, అయినా దాని వరుసలోదే. 1909లో ఆ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టిందీ పెరానే. మోల్‌ను వాడుకలోకి తెచ్చిన ఓస్ట్వాల్డ్ అంతవరకూ పరమాణువులనే నమ్మలేదు. ఇలాంటి ప్రయోగాల తర్వాతే దిగొచ్చాడు.

1971లో మోల్ అంతర్జాతీయ మూల ప్రమాణాల్లో చేరింది. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని కణాలు ఒక మోల్ అన్నారు. 2019 మే 20 నుంచి ఆ వరస తిరగబడింది. ముందు సంఖ్యనే 6.02214076 × 10²³గా ఖాయం చేశారు. ఇప్పుడు మోల్ కార్బన్-12 బరువు కచ్చితంగా 12 గ్రాములని నిర్వచనం చెప్పదు, కొలిచి తేల్చాల్సిందే. పరీక్షలో మాత్రం నిశ్చింతగా 12 అనే వేసుకోండి. తేడా ఉన్నా సుమారు వంద కోట్లలో ఒక వంతే.